డిచ్‌పల్లి నుంచి ఉజువాకోలి దాకా

బాసర స్టేషన్‌లో దిగేవాళ్లలో చాలామంది వెంట చిన్నపిల్లలు ఉంటారు. పలక, బలపం, పసుపు కుంకుమ పొట్లాలు సర్దుకుని సరస్వతీ అమ్మవారి గుడిలో అక్షరాభ్యాసానికి వచ్చినవాళ్లు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా నిజాం కాలంలో వేసిన ఈ లైను మీదే, గోదావరి దాటి దక్షిణానికి పోతే నిజామాబాద్, ఆ తరవాత డిచ్‌పల్లి. ఒకప్పుడు డిచ్‌పల్లికి చేరుకునేవాళ్లు వేరు. వేళ్లు వంకరపోయినవాళ్లు, ముఖం మీద గుడ్డ కప్పుకున్నవాళ్లు, ఊరూ ఇల్లూ వద్దన్నవాళ్లు. మన పల్లెల్లో పెద్దరోగం అనే కుష్టుతో అక్కడికి వెళ్లినవాళ్లు. ఆ ఊరి దవాఖానకూ ఆఫ్రికాలో ఒక మారుమూల పల్లెకూ మధ్య నడిచిన రాకపోకల గురించి మన జిల్లాల్లో ఎవరూ చెప్పుకోరు.

మిషన్ల చరిత్రను మనం రెండు రకాలుగా చెప్పుకుంటాం. దొరలు వచ్చి మతం మార్చారని కొందరు, దొరలు వచ్చి బడులూ దవాఖానలూ కట్టారని కొందరు. ఈ రెండు కథలవాళ్లకూ అస్సలు పడదు. తమాషా ఏమిటంటే రెండు కథల్లోనూ పని మొత్తం చేసేది దొరే. ఊరూరా ఎడ్లబండి మీద తిరిగినవాళ్లు, పుండ్లు కడిగినవాళ్లు, రాత్రిపూట డప్పు మీద పాట కట్టి వాక్యం చెప్పినవాళ్లు, ఇంటి లోపలికి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడిన బైబిల్ స్త్రీలు, వీళ్లెవరూ ఏ కథలోనూ కనిపించరు. నూటయాభై ఏళ్లు వెనక్కి తిరిగి చూస్తే, మిషన్ పని ఎక్కడ నిలబడిందో అక్కడల్లా ఇలాంటి జట్టు ఒకటి ఉంది. ఎక్కడ లేదో అక్కడ దొర మంచితనం ఒక్కటే మిగిలి, ఆయనతోపాటే వెళ్లిపోయింది.

ఈ సంగతి ఒంగోలు చుట్టుపక్కల స్పష్టంగా తేలింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరి పాతికేళ్లు కష్టపడితే వచ్చిన ఫలితం అంతంతమాత్రమే. అమెరికాలో వాళ్ల పెద్దలు ఆ మిషన్‌ను మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. వాళ్ల మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు మకాం మార్చాక కథ మారింది. మార్చింది క్లౌ అని పుస్తకాలు రాస్తాయి. నిజానికి తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య లేకపోతే ఆ కథే లేదు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారం. అంతకుముందు రాజయోగ గురువుల బోధ వింటూ తిరిగినవాడు. కొత్త మాట ఆయన చెవిన పడింది. ఆయన నోటి నుంచి అది బంధువుల ఊళ్లకు, వియ్యాలవారి ఊళ్లకు, తోళ్లు కొనే ఊళ్లకు చేరింది. దొర ప్రసంగం వినడానికి జనం గుమిగూడడం వేరు. మనవాడు మన గూడెంలో రాత్రి పొయ్యి పక్కన కూర్చుని చెప్పడం వేరు.

తరవాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆయన బోధకులే మేస్త్రీలయ్యారు. ఇక్కడ ఆయనను మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది: కరువు సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రపంచమంతా ఆ అంకెను చెప్పుకుంది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఆయన పేరు మిగిలింది. ఆ ఆరుగురి పేర్లు ఒంగోల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఆ తెలుగు బాప్టిస్టులే పాతికేళ్లు తిరక్కుండా ఆఫ్రికాకు తమ మనిషిని పంపారు.

అంతకు చాలా ముందే, 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరిన కూలీలను దక్షిణాఫ్రికాలో నెటాల్ సీమలోని దర్బన్ రేవులో దింపింది. అప్పటి నుంచి 1911 దాకా నెటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే. గంజాం, విశాఖ, గోదావరి, నెల్లూరు, చిత్తూరు సీమల తెలుగువాళ్లు వాళ్లలో చాలామంది. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. తరవాతి రోజుల్లో, ఒప్పందం అయిపోయాక అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌన్ల పన్ను. చెరకు తోటలు సరే, సముద్రానికి దగ్గర్లో స్టాంగర్ పక్కన కియర్స్‌నీ అనేచోట లీజ్ హ్యూలెట్ అనే తోటల యజమాని కాఫీ తెగులు పట్టి పోవడంతో 1877లో తేయాకు నాటాడు. ఆకు కోయడానికి మనవాళ్లు. వాళ్లలో నెల్లూరు వైపు నుంచి వెళ్లిన బాప్టిస్టులు తమకు తెలుగు వచ్చిన బోధకుడు కావాలని ఇంటికి కబురు పెట్టారు.

1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం జాన్ రంగయ్యను నెటాల్‌కు పంపింది. అదే ఏడాది డిసెంబర్ 27న కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం వెలిసింది. ఆయన 1915లో చనిపోయేదాకా ఆ తోటల మధ్యే తిరిగాడు. పల్లె ఆఫ్రికాలో మిషన్ పని అంటే మన ఊహకు వచ్చేది తెల్లవాడు నల్లవాడికి బోధించడం. ఇక్కడ ఓడ ఎక్కింది తెలుగువాడు, ఆయనకు ఖర్చుల డబ్బు పోగేసింది తెలుగు సంఘాలు, ఆయన మాట విన్నది కూలి లైన్లలో ఉండే తెలుగు జనం. పని దినాల్లో పొద్దుగూకిందాకా తోట, ఆదివారం ఒక్కటే చేతిలో ఉన్న రోజు. అలాంటి చోట ప్రార్థన కూటమంటే ప్రార్థనతోపాటు ఉత్తరం చదివించుకోవడం, పిల్లకు సంబంధం మాట్లాడుకోవడం, చావుకు నలుగురిని పోగేసుకోవడం. పురుషోత్తమ చౌదరి కీర్తనల భాష చెవిన పడేదీ ఆ ఒక్కచోటే. పక్కనే ఉన్న జూలూ పల్లెల దాకా రంగయ్య పని పెద్దగా పోలేదు. దాన్ని లోపం అనేవాళ్లున్నారు. నాకైతే, పరాయి నేల మీద తనవాళ్లను ఒకచోట నిలబెట్టడమే ఒక మనిషి ఆయుష్షుకు సరిపోయే పని అనిపిస్తుంది. ఆయన తరవాత చీలికలు వచ్చాయి, కొత్త సంఘాలు వచ్చాయి, మెల్లగా తెలుగు పోయి ఇంగ్లీషు వచ్చింది. సంఘాలు మాత్రం ఉన్నాయి.

రంగయ్య ఓడ దిగిన 1903లోనే తిరునెల్వేలి క్రైస్తవులు, తమిళుల డబ్బుతో తమిళులే నడిపేలా, ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని డోర్నకల్‌కు మనుషుల్ని పంపారు. ఆ సంఘం వెనక ఉన్న వి.ఎస్. అజరయ్య 1909లో తానే డోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు త్యాగాలు చేస్తారు గాని మాతో స్నేహం చేయరని నిలబడి చెప్పిన మనిషి. ఆ మాట సభలో చాలామందికి రుచించలేదు.

ఇక మన వైపు. వెస్లియన్ మెథడిస్టులు విలియం బర్జెస్‌తో 1879లో సికింద్రాబాద్‌లో మొదలుపెట్టి కరీంనగర్, మెదక్, నిజామాబాద్, గోదావరి ఒడ్డున లక్షెట్టిపేట దాకా వచ్చారు. కరీంనగర్‌లో మిషన్ దవాఖాన, మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ కరువు పనిగా కట్టించి 1924 క్రిస్మస్‌నాడు తెరిచిన 175 అడుగుల గోపురం చర్చి అందరూ చూసినవే. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఇక్కడ ఆగను.

డిచ్‌పల్లి దగ్గర ఆగాలి. ఇసబెల్ కెర్ స్కాట్లండ్ ఆడకూతురు, అబర్డీన్‌లో 1903లో డాక్టరీ పట్టా తీసుకుంది. భర్త జార్జ్ కెర్ పాదిరి. ఇద్దరూ 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చి నిజామాబాద్‌లో పని మొదలుపెట్టారు. మామూలు జ్వరాలకూ కాన్పులకూ అని తెరిచిన వైద్యం దగ్గరికి కుష్టు రోగులు రాసాగారు. వాళ్లకు మందూ లేదు, పడుకోబెట్టే చోటూ లేదు. వాళ్లను పెట్టుకుంటే మిగతా రోగులు రారు. 1911లో చిన్న ఆశ్రయం ఏర్పాటు చేశారు గాని సరిపోలేదు. అప్పుడు డబ్బు ఇచ్చింది లండన్ కాదు, నిజామాబాద్ ధనికుడు రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, చివరిదాకా హిందువే. ఆ ధర్మంతో 1915లో డిచ్‌పల్లి దవాఖాన లేచింది. ఒక గౌడ్ ఇచ్చిన డబ్బు, ఒక స్కాట్లండ్ డాక్టరమ్మ చదువు, మన జిల్లాల పుండ్లు కడిగే మనుషులు. ఈ మూడూ కలిస్తేనే ఆ దవాఖాన అయింది. విడివిడిగా ఏదీ కాదు.

అప్పటి మందు చాల్‌మూగ్రా నూనె. తాగితే వాంతి, సూదివేస్తే వాపు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆ తరవాత ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని కాస్త మెత్తబరిచి సూదిమందుగా ఇచ్చే పద్ధతి తెచ్చారు. కెర్ దాన్ని డిచ్‌పల్లిలో పట్టుకుంది. వారానికి ఇన్ని సూదులని నెలల తరబడి. మొదటి మచ్చ దశలో వచ్చినవాళ్లలో కొందరికి గుణం కనిపించింది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పుండు కట్టే గుడ్డ, అన్నం, ఒక నీడ. ఆమెకు 1923లో కైసరే హింద్ పతకం వచ్చింది, 1932లో చనిపోయింది. రోగుల పుండ్లు శుభ్రం చేయడం నేర్చుకున్న పాత రోగులే తరవాతి రోగులకు డ్రెస్సర్లవడం ఇలాంటి దవాఖానల్లో మామూలు. కుష్టు దవాఖానను నిలబెట్టిందీ ఆ పద్ధతే. బయటివాడు ముట్టుకోవడానికి జంకే చేతిని, అదే రోగం అనుభవించిన చేయి జంకు లేకుండా పట్టుకుంటుంది.

1920లలో ఈ దవాఖానకే జాన్ లో అనే మెథడిస్టు డాక్టరు వచ్చాడు. తెలుగు రోగుల మధ్య కుష్టు వైద్యం నేర్చుకుని కలకత్తా ట్రాపికల్ స్కూల్లో పరిశోధనకు వెళ్లాడు. ఆ తరవాత 1947లో ఆఫ్రికా. తూర్పు నైజీరియాలో, ఇగ్బో పల్లెల నడుమ, ఉజువాకోలి అనే ఊళ్లో అదే మెథడిస్టు మిషన్ 1932 నుంచి కుష్టు నివాసం నడుపుతోంది. అప్పటికి అమెరికాలోని కార్‌విల్‌లో సల్ఫోన్ మందులు పనిచేస్తాయని తేలింది. కాని అవి ఖరీదు, సూది ద్వారా ఇవ్వాలి. వాటి మూల పదార్థమైన డాప్సోన్ చవక, అయితే విషపు లక్షణాలున్నాయని డాక్టర్లు భయపడ్డారు. జాన్ లో చేసింది పైకి చూస్తే చాలా చిన్న పని: మోతాదు బాగా తగ్గించి, మాత్రగా మింగించి చూశాడు. పనిచేసింది. సూది అక్కర్లేదు, దవాఖానలో పడి ఉండనక్కర్లేదు, పైసల్లో మాత్ర. సైకిలు మీద తిరిగే కార్యకర్త చేతిసంచిలో ఊరంతటికీ సరిపడా మందు పడుతుంది. 1949లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచంలో కుష్టు వైద్యం దవాఖాన గోడ దాటి ఊరి చెట్టు కిందికి వచ్చింది. చాల్‌మూగ్రా నూనె సూదితో ఏళ్లకేళ్లు వేగిన మనిషికే ఒక మాత్ర విలువ అంత గట్టిగా తట్టి ఉంటుందని నా ఊహ. అందుకే ఆ మాత్రలో డిచ్‌పల్లి వాటా కొంత ఉందంటాను.

ఉజువాకోలిలో జాన్ లో కంటే ముందు నుంచీ ఉన్న డాక్టరు ఫ్రాంక్ డేవీ, 1936లో చేరినవాడు. రోగులను ఒక్కచోట పోగుపెట్టడం కంటే, ఊళ్ల పెద్దలతో మాట్లాడి ప్రాంతాలవారీగా క్లినిక్కులు, విడి నివాసాలు ఏర్పాటు చేసి వైద్యాన్ని జనం దగ్గరికి పంపిన మనిషి. ఆయన పాటల మనిషి కూడా. అక్కడి రోగుల్లో ఇకోలి హార్కోర్ట్ వైట్ అనే యువకుడికి సంగీతం పిచ్చి. డేవీ ప్రోత్సాహంతో రోగుల బృందగానానికి నాయకుడై, ఇగ్బో భాషలో వందలకొద్దీ క్రైస్తవ గీతాలు కట్టాడు. జబ్బు నయమైనా ఉజువాకోలి వదల్లేదు. ఇవాళ నైజీరియా సంగీత చరిత్రలో డేవీ కంటే వైట్ పేరే పెద్దది. అదే న్యాయం.

కథ అక్కడితో ఆగి ఉంటే ఒకవైపు దారే. 1960ల చివర డేవీ డిచ్‌పల్లి వచ్చాడు. వెనక నైజీరియాలో, ఉజువాకోలి ఉన్న తూర్పు సీమంతా బియాఫ్రా యుద్ధంలో నలుగుతోంది. ఇక్కడ మన రోగుల మధ్య ఆయన పట్టుకున్న ప్రశ్న: ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుకుంటుంది? అంతకాలం అందరి చూపూ చర్మం మీదే. చేయి తగిలితే వస్తుంది, పక్కన కూర్చుంటే వస్తుంది అనే భయంతోనే కదా మనుషుల్ని ఊరవతల పెట్టింది. డేవీ ముక్కు వైపు చూశాడు. మందు మొదలుపెట్టని ముదిరిన రోగి ఒక్కసారి ముక్కు చీదితే అందులో కోట్ల సంఖ్యలో క్రిములుంటాయని లండన్‌లోని రీస్‌తో కలిసి 1974లో ప్రకటించాడు. మందు వాడగానే ఆ సంఖ్య పడిపోతుంది. అంటే భయపడాల్సింది వంకరపోయిన వేళ్లను చూసి కాదు. ఆ వేళ్లున్న మనిషి చాలాసార్లు ఎవరికీ ఏమీ అంటించలేడు. అంటించగలవాడు ఇంకా ఎవరూ గుర్తించని, మందు మొదలుపెట్టని మనిషి. గుడి మెట్ల మీద కూర్చున్నవాళ్లను చూసి చీర చెంగు దగ్గరికి లాక్కున్న తరాలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కిన ఈ తెలివి, పుట్టిన జిల్లాలోనే సరిగా ప్రచారం కాలేదు.

మతం సంగతి చెప్పకుండా దాటేస్తే ఇది సగం కథే అవుతుంది. మన జిల్లాల్లో చర్చికి వచ్చినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగలు. వెట్టి చేసినవాళ్లు, బావి దగ్గరికి రానివ్వనివాళ్లు. వాళ్లు పాల పొడికో మందు బిళ్లకో అమ్ముడుపోయారనేది వాళ్లను మళ్లీ ఒకసారి అవమానించడం. అలాగని మతం మారగానే మనిషి పూర్తిగా మారిపోయాడని చెప్పే మిషన్ రిపోర్టులనూ నమ్మనక్కర్లేదు. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంతపు ఊళ్లు తిరిగి 1968లో అచ్చువేసిన పుస్తకంలో కనిపించే క్రైస్తవులు ఆదివారం చర్చికి పోతారు, ఊరి పండుగలకూ పోతారు, ఆపదొస్తే పాత మొక్కులనూ తలుచుకుంటారు. ఆ ఇద్దరు రచయితలు దాన్ని దాచలేదు, చిన్నబుచ్చనూ లేదు. చట్టం మాత్రం అంత ఉదారంగా లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన దగ్గర వాళ్లు బీసీ-సి కింద లెక్క. ఇంట్లో ప్రార్థన, సర్టిఫికెట్‌లో వేరే మాట, ఈ రెండు బతుకుల చిక్కు దొరలెవరూ పడలేదు. పడింది వాళ్ల జట్టులోని మనుషుల మనవలు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక పగ్గాలు క్రమంగా మనవాళ్ల చేతికి వచ్చాయి. 1978లో కరీంనగర్ డయాసిస్ విడిగా ఏర్పడింది. క్యాథలిక్కుల వైపు కేరళ సీఎంఐ ఫాదర్లు 1962 నుంచి చాందా మీదుగా ఆదిలాబాద్ అడవి ఊళ్లలో పనిచేస్తే, 1999లో ఆదిలాబాద్‌కు సొంత డయాసిస్ వచ్చింది. అధికారం మారింది, ఆస్తుల తగాదాలూ కోర్టు కేసులూ కూడా వారసత్వంగా వచ్చాయి. దాని గురించి రాయడానికి వేరే ఓపిక కావాలి.

కుష్టు విషయానికొస్తే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇవ్వమంది. డాప్సోన్ ఒక్కటే వాడితే క్రిమి లొంగడం మానేస్తోందని అప్పటికి తేలింది. ఏళ్ల వైద్యం నెలల్లోకి దిగింది. 2005 డిసెంబర్ నాటికి దేశ స్థాయిలో పదివేల మందికి ఒకరి కంటే తక్కువ అనే లెక్క కుదరడంతో నిర్మూలన సాధించామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన వెలువడ్డాక ఊళ్లలో వెతకడం సడలింది. వెతక్కపోతే కేసులు కనపడవు, కనపడకపోతే లేవనుకుంటారు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోవే. 2016లో ఇంటింటి గాలింపు మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఆ జట్టులో ఉండేది ఆశా కార్యకర్త, ఆమె వెంట ఒక మగ వాలంటీరు. మగవాళ్లను అతను, ఆడవాళ్లను ఆమె చూస్తారు. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందా, చేయి తిమ్మిరెక్కుతోందా అని అడుగుతారు. కోడలి వీపు మీద మచ్చ ఉందని అత్తకు తెలియకుండా చెప్పించుకోవడం, ఆ ఇంట్లో నోరు జారకుండా పీహెచ్‌సీకి పంపించడం ఆశా నేర్పు. జీతం కాదు, పారితోషికం మీద చేసే పని అది. 1898 నాటి కుష్టురోగుల చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది ఆ 2016లోనే. కుష్టు ఉందన్న కారణంతో విడాకులు ఇవ్వొచ్చన్న మాటను వివాహ చట్టాల్లోంచి తీసేయడానికి మరో మూడేళ్లు పట్టింది.